ఇంటి నెట్‌వర్క్‌కు తక్కువ ఖర్చులో ల్యాన్ కార్డు: తరచుగా అడిగే ప్రశ్నలు

మా కాలనీలో ఎవరి కంప్యూటర్‌కు నెట్ రాకపోయినా ఫోన్ నాకే వస్తుంది. ఉరుములు మెరుపులతో వాన పడిన మర్నాడు అయితే ఇక చెప్పక్కర్లేదు. మనుషులు మారతారు గానీ ప్రశ్నలు మాత్రం అవే. ల్యాన్ కార్డు, అంటే కంప్యూటర్‌కు నెట్ వైరు గుచ్చే పోర్టు ఇచ్చే చిన్న కార్డు, గురించి చెప్పిందే చెప్పే బదులు ఒకచోట రాసి పెడితే నయమనిపించింది. రెండు నుంచి ఐదు కంప్యూటర్లు, ఒక రూటర్, ఒక ప్రింటర్ ఉన్న ఇంటిని దృష్టిలో పెట్టుకుని రాశాను. వరుసగా చదవనక్కర్లేదు, మీ ప్రశ్న ఎక్కడుంటే అక్కడికి వెళ్లిపోండి. ధరలు నేను ఈమధ్య కొన్నవాటిని బట్టి సుమారుగా చెప్పినవి.

## అసలు కొనాలా, వద్దా?

మదర్‌బోర్డులోనే ల్యాన్ పోర్టు ఉంది కదా, మళ్లీ కార్డు ఎందుకు?

చాలామందికి అక్కర్లేదు. కార్డు కావాల్సి వచ్చేది నాలుగు సందర్భాల్లో. పిడుగుకో, కరెంటు హెచ్చుతగ్గులకో బోర్డులోని పోర్టు కాలిపోయినప్పుడు. బోర్డు పాతదో చవకదో అయి, పోర్టు వేగం 100 ఎంబీపీఎస్ (సెకనుకు మెగాబిట్లు) దగ్గరే ఆగిపోయినప్పుడు. ఒకే కంప్యూటర్‌కు రెండు పోర్టులు కావాల్సినప్పుడు. సన్నటి లాప్‌టాప్ కొని, దానికి ల్యాన్ పోర్టే లేదని ఇంటికొచ్చాక గమనించినప్పుడు. నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది మొదటి రకం. వీటిలో ఏదీ మీ సంగతి కాకపోతే డబ్బు జేబులోనే ఉంచుకోండి.

నా పోర్టు 100 ఎంబీపీఎస్‌దా, గిగాబిట్‌దా ఎలా తెలుస్తుంది?

విండోస్‌లో సెట్టింగ్స్‌లోకి వెళ్లి, నెట్‌వర్క్ కింద ఈథర్నెట్ తెరిస్తే లింక్ స్పీడ్ కనిపిస్తుంది. అక్కడ 1000 అని ఉంటే గిగాబిట్టే, ఇక అనుమానం లేదు. 100 అని ఉంటే మాత్రం తొందరపడి పోర్టును తప్పుపట్టకండి. ఆ అంకె మీ పోర్టూ అవతలి పోర్టూ కలిసి ఒప్పుకున్న వేగం. రూటర్ వైపు 100 పోర్టు ఉన్నా, వైరులో ఒక తీగ తెగినా ఇటు కూడా 100 అనే వస్తుంది. అందుకే డివైస్ మేనేజర్‌లో నెట్‌వర్క్ అడాప్టర్ పేరు చూడండి. పేరులో గిగాబిట్ అనో జీబీఈ అనో ఉంటే అది 1000. ఫాస్ట్ ఈథర్నెట్ అనో ఎఫ్ఈ అనో ఉంటే 100. ఫాస్ట్ అనే మాట చూసి మురిసిపోవద్దు, ఆ పేరు పెట్టింది 1990లలో.

నా నెట్ ప్లాన్ 100 ఎంబీపీఎస్. గిగాబిట్ కార్డు వేస్తే నెట్ స్పీడ్ పెరుగుతుందా?

పెరగదు. వీధి కుళాయిలో వచ్చే నీళ్లు ఇంట్లో పెద్ద పైపు వేసినంత మాత్రాన ఎక్కువ కావు. గిగాబిట్ కార్డు ఉపయోగపడేది ఇంట్లో ఒక కంప్యూటర్ నుంచి ఇంకో కంప్యూటర్‌కు ఫైళ్లు పంపేటప్పుడు. లేదా ప్లాన్ 100 దాటినప్పుడు. ఇప్పుడు 200, 300 ఎంబీపీఎస్ ప్లాన్లు మామూలైపోయాయి. అలాంటి ప్లాన్ తీసుకుని కంప్యూటర్‌లో 94, 95 దగ్గరే ఆగిపోతోందంటే మధ్యలో ఎక్కడో 100 ఎంబీపీఎస్ పోర్టు గానీ, దెబ్బతిన్న వైరు గానీ ఉన్నట్టే.

100కీ 1000కీ తేడా నిజంగా కంటికి తెలుస్తుందా?

పెళ్లి వీడియో కాపీ చేసి చూడండి, తెలుస్తుంది. ఎంబీపీఎస్ అంటే సెకనుకు మెగాబిట్లు. ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైటు. కాబట్టి 100 ఎంబీపీఎస్ లింకు మీద సెకనుకు 11, 12 మెగాబైట్లకు మించి రావు. గిగాబిట్ మీద 110 పైచిలుకు వస్తాయి. ఫోటోగ్రాఫర్ ఇచ్చిన 40 జీబీ పెళ్లి వీడియోను ఒక కంప్యూటర్ నుంచి మరోదానికి పంపడానికి మొదటిదాంట్లో దాదాపు గంట పడుతుంది. రెండోదాంట్లో ఆరు నిమిషాలు. అదే యూట్యూబ్ చూడటానికో, ప్రింటర్‌కు ఒక పేజీ పంపడానికో అయితే ఏ తేడా తెలియదు.

ఇప్పుడు 2.5 గిగాబిట్ కార్డులు వస్తున్నాయి. అదే కొనేస్తే పోలేదా?

రెండు వైపులా 2.5 ఉండాలి, మధ్యలో స్విచ్ (కంప్యూటర్ల వైర్లన్నీ కలిపే డబ్బా) కూడా 2.5ది కావాలి. పైగా రెండు చివర్లా ఎస్ఎస్‌డీ (హార్డ్‌డిస్క్ బదులు వాడే, దానికంటే వేగమైన స్టోరేజీ) ఉండాలి. మామూలు హార్డ్‌డిస్క్ సెకనుకు 100 నుంచి 200 మెగాబైట్లు ఇస్తుంది, చాలా లాప్‌టాప్ డిస్కులు 100 దగ్గరే ఉంటాయి. అంటే గిగాబిట్ లింకే డిస్కుకు సరిపోతోంది. ఇవన్నీ కుదిరితే 40 జీబీ ఫైలు రెండున్నర నిమిషాల్లో వెళ్తుంది. రోజూ వీడియో ఎడిటింగ్ చేసుకుంటూ ఫైళ్లు ఇంకో మెషీన్‌లో దాచుకునేవాళ్లకు ఆ ఖర్చు దండగ కాదు. మిగతావాళ్లు గిగాబిట్ కొని, మిగిలిన డబ్బుతో ఎస్ఎస్‌డీ వేసుకుంటే ఎక్కువ సుఖపడతారు.

వైఫై ఉండగా వైరు గోల ఎందుకు?

ఫోన్లకు, కదిలే లాప్‌టాప్‌లకు వైఫైయే. ఒకచోట కూర్చునే డెస్క్‌టాప్‌కు మాత్రం వైరే మేలు. మన ఇళ్లలో తొమ్మిదంగుళాల ఇటుక గోడలు, కాంక్రీటు శ్లాబులు వైఫై సిగ్నల్‌ను బాగా మింగేస్తాయి. 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ రెండు గోడలు దాటేసరికి నీరసపడుతుంది. 2.4 గిగాహెర్ట్జ్ దాటుతుంది గానీ, అపార్ట్‌మెంటులో పక్క ఫ్లాట్ల రూటర్లన్నీ అక్కడే తోసుకుంటుంటాయి. ఇంటి నుంచి ఆఫీసు పని చేసేవాళ్లు మీటింగ్ మధ్యలో గొంతు తెగిపోతోందని మొరపెట్టుకుంటే నేను మొదట ఇచ్చే సలహా పది మీటర్ల వైరు కొనమనే.

నాకున్నవి రెండే కంప్యూటర్లు. రూటర్ లేకుండా నేరుగా కలపొచ్చా?

కలపొచ్చు. ఒకప్పుడు దీనికి క్రాసోవర్ అనే ప్రత్యేకమైన వైరు కావాల్సి వచ్చేది. గిగాబిట్ కార్డులు ఆ సర్దుబాటు వాటికవే చేసుకుంటాయి, మామూలు వైరు చాలు. ఒకదానికి 192.168.50.1, రెండోదానికి 192.168.50.2 అని ఐపీ అడ్రసు (నెట్‌వర్క్‌లో ఆ కంప్యూటర్ నంబరు) ఇవ్వండి. సబ్‌నెట్ మాస్క్ రెండింటికీ 255.255.255.0. గేట్‌వే ఖాళీగా వదిలేయండి. ఇంటర్నెట్ వైఫై మీద నడుస్తూనే ఉంటుంది, ఫైళ్లు వైరు మీద వెళ్తాయి.

## ఏ కార్డు కొనాలి?

షాపతను "ఏ కంపెనీ అయినా ఒకటే సార్" అంటున్నాడు. నిజమేనా?

సగం నిజం. పెట్టె మీద కంపెనీ పేరు ఏదైనా, లోపల కార్డు మధ్యలో కూర్చున్న చిప్పు మాత్రం ఒకటి రెండు కంపెనీలదే. చవక గిగాబిట్ కార్డుల్లో ఎక్కువగా రియల్‌టెక్ 8111, 8168 కుటుంబం చిప్పు ఉంటుంది. డ్రైవర్ (కార్డును విండోస్ చేత పనిచేయించే ప్రోగ్రాం) ఆ చిప్పుకే, పనితీరూ ఆ చిప్పుదే. కాబట్టి మీరు అడగాల్సింది "ఏ కంపెనీ?" అని కాదు, "ఏ చిప్పు?" అని. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సీటీసీ కంప్యూటర్ మార్కెట్ లాంటి చోట కొంటే ప్యాకింగ్ పైనుంచే చిప్పు మీద అంకెలు చదువుకోవచ్చు. ఆన్‌లైన్‌లో అయితే వివరాల్లో చిప్‌సెట్ అనే వరుస వెతకండి. అది రాయనివాడి దగ్గర నేను కొనను. ఇక కంపెనీ పేరు అసలు పనికిరాదా అంటే, వారంటీకి పనికొస్తుంది. కార్డు పోతే మార్చి ఇచ్చే సర్వీస్ సెంటర్ మీ ఊళ్లో ఉందా లేదా అన్నది కంపెనీని బట్టే.

రియల్‌టెక్ మంచిదా, ఇంటెల్ మంచిదా?

ఇంటి కంప్యూటర్‌కు, విండోస్‌కు, మామూలు లినక్స్‌కు రియల్‌టెక్ గిగాబిట్ చిప్పు హాయిగా సరిపోతుంది. ఇంటెల్ కోసం రెట్టింపు పెట్టనక్కర్లేదు. పీఎఫ్‌సెన్స్ లాంటి రూటర్ సాఫ్ట్‌వేర్ వేసి కంప్యూటర్‌నే రూటర్‌గా మార్చాలనుకునేవాళ్లు మాత్రం ఇంటెల్ తీసుకోవాలి, ఎందుకంటే అది నడిచే ఫ్రీబీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఇంటెల్ డ్రైవర్లు గట్టివి. ఇంటెల్ అనగానే గుడ్డిగా నమ్మొద్దు కూడా. 2.5 గిగాబిట్ చిప్పు ఐ225-వీ మొదటి విడతలో లోపం ఉండి, కొన్ని స్విచ్‌లతో కలిపితే వేగం పడిపోయేది. ఆ తర్వాత సరిచేశారు. ఇప్పుడు 2.5 కొనేవాళ్లు రియల్‌టెక్ 8125 గానీ ఇంటెల్ ఐ226-వీ గానీ చూసుకుంటే చాలు.

నా కంప్యూటర్‌లో ఏ స్లాట్ ఉందో ఎలా తెలుసుకోవాలి?

క్యాబినెట్ పక్క మూత తీసి చూడండి. పాత పీసీఐ స్లాట్ పొడుగ్గా, చాలా బోర్డుల్లో తెల్లగా ఉంటుంది. పీసీఐ ఎక్స్‌ప్రెస్ ఎక్స్1 స్లాట్ చాలా చిన్నది, బొటనవేలంత. గ్రాఫిక్స్ కార్డు కూర్చునే పొడుగాటి స్లాట్ ఎక్స్16. ల్యాన్ కార్డులు ఎక్స్1వి, కానీ ఎక్స్16 స్లాట్ ఖాళీగా ఉంటే అందులో కూడా కూర్చుని పనిచేస్తాయి. చాలామందికి ఈ సంగతి తెలియక స్లాట్ లేదనుకుని యూఎస్‌బీ వైపు వెళ్లిపోతారు. పాత పీసీఐ కార్డు మాత్రం వద్దు. ఆ దారి మొత్తం సామర్థ్యం సెకనుకు 133 మెగాబైట్లు, దాన్నే మిగతా కార్డులూ పంచుకుంటాయి. గిగాబిట్ అని రాసి ఉన్నా అంత రాదు.

చిన్న సైజు సెకండ్ హ్యాండ్ ఆఫీసు కంప్యూటర్ కొన్నాను. కార్డు పడుతుందా?

ఇది కొనకముందే చూసుకోవాల్సిన విషయం. ఆఫీసుల నుంచి వచ్చే సన్నటి డెస్క్‌టాప్‌లలో, ఆప్టిప్లెక్స్, ఎలైట్‌డెస్క్, థింక్‌సెంటర్ లాంటివాటి చిన్న రకాల్లో, మామూలు ఎత్తు కార్డు పట్టదు. కార్డు వెనక ఉండే రేకు పట్టీ పొడవు 12 సెంటీమీటర్లు, వీటికి కావాల్సింది 8 సెంటీమీటర్లది. దాన్ని లో ప్రొఫైల్ అంటారు. మంచి కంపెనీలు పెట్టెలోనే రెండు పట్టీలూ ఇస్తాయి, రెండు స్క్రూలు విప్పి మార్చుకోవడమే. పట్టీ ఇవ్వని కార్డు వంద రూపాయలు తక్కువకు దొరికితే సంబరపడి కొన్నవాళ్లు తర్వాత పట్టీ లేకుండానే వేలాడదీసి నడిపిస్తుంటారు. వైరు లాగినప్పుడల్లా కార్డు స్లాట్‌లోంచి లేస్తుంది. అరచేతిలో పట్టే మినీ కంప్యూటర్లలో అయితే స్లాటే ఉండదు, వాటికి యూఎస్‌బీ ఒక్కటే దారి.

లాప్‌టాప్‌కు ల్యాన్ పోర్టు లేదు. యూఎస్‌బీ అడాప్టర్ పనిచేస్తుందా?

చక్కగా పనిచేస్తుంది, యూఎస్‌బీ 3.0 అడాప్టర్ అయితే. రియల్‌టెక్ 8153, ఏసిక్స్ 88179 అనే చిప్పులు గిగాబిట్‌కు చాలామంది వాడి చూసినవి. నేనొకసారి పెట్టె మీద గిగాబిట్ అని చదివి ఒకటి కొన్నాను. ఇంటికొచ్చి చూస్తే అది యూఎస్‌బీ 2.0ది. ఆ దారిలో 480 ఎంబీపీఎస్‌కు మించి వెళ్లదు, చేతికి వచ్చేది సెకనుకు 30, 40 మెగాబైట్లు. ఇంకా చవకవాటిలో 8152 చిప్పు ఉంటుంది, అది 100 ఎంబీపీఎస్‌దే. అడాప్టర్ మంచిదైనా దాన్ని లాప్‌టాప్‌లోని 2.0 పోర్టులో గుచ్చితే అదే పరిస్థితి. చాలా లాప్‌టాప్‌లలో 3.0 పోర్టు లోపలి నాలుక నీలంగా ఉంటుంది, కొన్నింట్లో పోర్టు పక్కన ఎస్ఎస్ అనే గుర్తు ఉంటుంది.

రెండు మూడొందలకు దొరికే వైఫై డాంగిల్ తీసుకోవచ్చా?

బ్యాంకు పని, మెయిల్ చూసుకోవడం వరకైతే తీసుకోండి. గోరంత ఉండే ఆ డాంగిల్‌లు 2.4 గిగాహెర్ట్జ్ మీదే పనిచేస్తాయి, యాంటెన్నా పేరుకే ఉంటుంది. పెట్టె మీద 150 అని రాసినా అందులో సగం కూడా చేతికి రాదు. క్యాబినెట్ వెనక గుచ్చితే ఆ రేకే సిగ్నల్‌కు అడ్డం. ముందు పోర్టులో పెట్టినా, మీటరు పొడవు యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్‌తో టేబుల్ మీదకు తెచ్చినా ఆశ్చర్యపోయేంత తేడా వస్తుంది. కొత్తగా కొనేట్టయితే 5 గిగాహెర్ట్జ్ కూడా ఉన్నదే తీసుకోండి.

లాప్‌టాప్ లోపలి వైఫై కార్డు మార్చవచ్చా?

చాలావాటిలో మార్చవచ్చు. ఇంటెల్ ఏఎక్స్200, ఏఎక్స్210 కార్డులు ఎం.2 అనే చిన్న స్లాట్ ఉన్న చాలా లాప్‌టాప్‌లలో కూర్చుంటాయి. ఏఎక్స్201, ఏఎక్స్211 అని చివర ఒకటి అంకె ఉన్నవి మాత్రం వేరు. అవి అందుకు తగిన ఇంటెల్ ప్రాసెసర్ ఉన్న మెషీన్లలోనే పనిచేస్తాయి, స్లాట్‌లో పట్టినా మిగతావాటిలో పలకవు. ఒక్క అంకె తేడాతో డబ్బు పోగొట్టుకున్నవాళ్లను చూశాను. కొన్ని పాత లాప్‌టాప్‌లు తమ కంపెనీ ఒప్పుకున్న కార్డు తప్ప వేరేది పెడితే ఆన్ కావు, ఆ మోడల్ సంగతి ముందే కనుక్కోండి.

సర్వర్‌లోంచి తీసిన ఇంటెల్ కార్డులు చవకగా వస్తున్నాయి. కొనొచ్చా?

అసలువైతే మంచి బేరమే. ఇబ్బందల్లా నకిలీలతో. రెండు, నాలుగు పోర్టుల ఇంటెల్ కార్డులకు నకళ్లు బాగా తిరుగుతున్నాయి. కొత్త సీలుతో, నమ్మలేనంత తక్కువ ధరకు వస్తే నాకు అనుమానమే. పాత సర్వర్ నుంచి విప్పిన, గీతలు పడిన కార్డు మీద నాకు ఎక్కువ నమ్మకం. ఇక 10 గిగాబిట్ సెకండ్ హ్యాండ్ కార్డులంటారా, అవి చవకే గానీ వాటికి పొడుగాటి స్లాట్ కావాలి, వేరే రకం వైర్లు కావాలి, బాగా వేడెక్కుతాయి. సర్వర్ గదిలో ఫ్యాన్ల హోరులో బతికిన కార్డు మే నెలలో మన ఇంటి క్యాబినెట్‌లో ఎంత ఉడికిపోతుందో ఆలోచించండి.

మొత్తం మీద ఎంత పెట్టాలి?

గిగాబిట్ కార్డుకు ఆరేడు వందల నుంచి వెయ్యి. యూఎస్‌బీ 3.0 గిగాబిట్ అడాప్టర్‌కు వెయ్యి నుంచి పదిహేను వందలు. 2.5 గిగాబిట్ కార్డుకు పదిహేను వందల నుంచి రెండున్నర వేలు. మామూలు ఇంట్లో ఒక కార్డుకు వెయ్యి దాటి పెడుతున్నారంటే ఎందుకు పెడుతున్నారో మీకు స్పష్టంగా తెలిసి ఉండాలి.

## వైరు, స్విచ్, రూటర్

క్యాట్5ఈ చాలా, క్యాట్6 కొనాలా?

ఇవి ల్యాన్ వైరులో రకాలు. గిగాబిట్‌కు క్యాట్5ఈ వంద మీటర్ల దాకా చాలు. 2.5కు కూడా సరిపోతుంది. కొత్తగా గోడలో పైపు లోపలి నుంచి లాగిస్తుంటే క్యాట్6 వేయించండి, మళ్లీ మళ్లీ గోడ పగలగొట్టలేం కదా. వైరు రకం కంటే ముఖ్యమైనది లోపలి లోహం. చవక వైర్లలో రాగి ఉండదు, అల్యూమినియం తీగకు పైన రాగి పూత ఉంటుంది. సీసీఏ అని చిన్నక్షరాల్లో రాస్తారు, రాయనివాళ్లూ ఉంటారు. ఆ తీగ నాలుగుసార్లు వంచితే విరుగుతుంది, క్రింపింగ్ చేసిన చోట, అంటే కొసకు ప్లగ్ బిగించిన చోట, వదులవుతుంది. తీగ కొసను బ్లేడుతో గీరి చూడండి. లోపల తెల్లగా మెరిస్తే వదిలేయండి. కార్డు మీద మిగిల్చిన మూడొందలు నేనైతే వైరు మీద పెడతాను.

రూటర్‌లో నాలుగు పోర్టులూ ఒకేలా ఉంటాయా?

ఉండకపోవచ్చు. నెట్ కంపెనీ కనెక్షన్‌తో పాటు ఇచ్చే డబ్బాల్లో కొన్నింటికి ఒక్క పోర్టే గిగాబిట్, మిగతావి 100. ఆ గిగాబిట్ పోర్టు దగ్గర జీఈ అని గానీ, మిగతా వాటి దగ్గర ఎఫ్ఈ అని గానీ రాసి ఉంటుంది. కొత్త కార్డు కొని, వైరును ఎఫ్ఈ పోర్టులో పెట్టి, కార్డు పనికిరాదని వెనక్కి ఇచ్చేసినవాళ్లు ఉన్నారు.

స్విచ్ కూడా కొనాలా?

రూటర్‌లో గిగాబిట్ పోర్టులు సరిపడా ఉంటే వద్దు. లేకపోతే ఐదు పోర్టుల గిగాబిట్ స్విచ్ వెయ్యికి అటూఇటూ దొరుకుతుంది. కంప్యూటర్లన్నీ దానికి కలిపి, ఒక్క వైరు రూటర్‌లోకి ఇవ్వండి. రూటర్ పోర్టు 100దే అయినా కంప్యూటర్ల మధ్య ఫైళ్లు స్విచ్ దగ్గరే మలుపు తిరిగి గిగాబిట్ వేగంతో వెళ్లిపోతాయి. సెట్టింగులేమీ ఉండవు, గుచ్చడమే.

మేడ మీది గదికి, పక్కనున్న తమ్ముడి ఇంటికి వైరు బయట నుంచి లాగొచ్చా?

కార్డులు కాలిపోయే అసలు కథ ఇక్కడే మొదలవుతుంది. బయట ఎండకు వానకు వేలాడే రాగి వైరు ఒక యాంటెన్నా. పిడుగు నేరుగా ఇంటి మీద పడనక్కర్లేదు. వీధి చివర పడినా చాలు, ఆ వైరులో ఒక్క క్షణం వేల వోల్టులు పుడతాయి. ల్యాన్ పోర్టు లోపల చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది. అది 1500 వోల్టుల దాకా అడ్డుకునేలా తయారుచేస్తారు. అంతకు మించితే పోర్టు పోతుంది, ఒక్కోసారి దాంతోపాటు బోర్డూ పోతుంది. రెండిళ్లకు వేర్వేరు కరెంటు మీటర్లు, వేర్వేరు ఎర్తింగ్ ఉంటే ముప్పు ఇంకా ఎక్కువ. మా బంధువుల ఇంట్లో ఒకే వానలో రెండు కంప్యూటర్ల పోర్టులు, స్విచ్, టీవీ వెనక పోర్టు అన్నీ పోయాయి. అన్నింటినీ కలిపిన వైరు మాత్రం చెక్కుచెదరలేదు.

ఇళ్ల మధ్య అయితే ఫైబర్ వేయించండి. గాజు తీగలో కరెంటు పారదు. రెండు చివర్లా మీడియా కన్వర్టర్ అనే చిన్న డబ్బాలు పెడితే మామూలు ల్యాన్ పోర్టు వచ్చేస్తుంది. కొనేటప్పుడు లోపల ఇనుప తీగ లేని రకం అడగండి. మేడ మీదకు అయితే వైరును గోడ లోపలి నుంచో మెట్ల వైపు నుంచో తీసుకెళ్లండి. ఏదీ కుదరకపోతే ఉరుము వినగానే వైరు పీకేయడం ఒక్కటే ఉపాయం. బయటి వైరు తప్పనిసరైన చోట బోర్డు పోర్టు వాడకుండా ఆరొందల కార్డు వేసి దానికి వైరు ఇస్తాను. చాలాసార్లు దెబ్బ కార్డుతోనే ఆగుతుంది. అది గ్యారంటీ మాత్రం కాదు.

## బిగించేటప్పుడు

నేనే బిగించుకోవచ్చా, మెకానిక్‌ను పిలవాలా?

గ్యాస్ సిలిండర్ మార్చగలిగితే ఇదీ చేయగలరు. కంప్యూటర్ షట్‌డౌన్ చేసి, ప్లగ్ పీకి, పవర్ బటన్ ఐదు సెకన్లు నొక్కి ఉంచండి. లోపల మిగిలిన కరెంటు దిగిపోతుంది. క్యాబినెట్ రేకును చేత్తో ముట్టుకోండి, ఒంట్లోని స్టాటిక్ పోతుంది. స్లాట్ ఎదురుగా ఉన్న వెనక రేకు తీసి, కార్డును అంచులు పట్టుకుని నిటారుగా నొక్కండి. బంగారు రంగు పళ్లు పూర్తిగా లోపలికి వెళ్లాలి. స్క్రూ తప్పకుండా వేయండి. మూత పెట్టేముందు ఒకసారి ఆన్ చేసి చూసుకుంటే మళ్లీ విప్పే పని తప్పుతుంది. ఎన్నాళ్లగానో తీయని మూత తీస్తున్నారు కాబట్టి ఆ దుమ్ము కూడా దులిపేయండి.

డ్రైవర్ వేయాలంటే నెట్ కావాలి, నెట్ రావాలంటే డ్రైవర్ కావాలి. ఏం చేయను?

ఆండ్రాయిడ్ ఫోన్‌ను యూఎస్‌బీ వైరుతో కంప్యూటర్‌కు కలిపి, ఫోన్ సెట్టింగ్స్‌లో యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి. ఫోన్ నెట్ కంప్యూటర్‌కు వచ్చేస్తుంది. విండోస్ దానంతటదే డ్రైవర్ వెతుక్కుంటుంది. పెట్టెలో వచ్చే చిన్న సీడీని పక్కన పడేయండి, అది పెట్టే డ్రైవ్ ఇప్పుడు ఎవరింట్లో ఉంది? చిప్పు పేరు తెలియకపోతే డివైస్ మేనేజర్‌లో హార్డ్‌వేర్ ఐడీ చూడండి. అందులో వెండర్ దగ్గర 8086 ఉంటే ఇంటెల్, 10ఈసీ ఉంటే రియల్‌టెక్.

కొత్త కార్డుకు వైరు పెట్టినా నెట్ రావట్లేదు. పాత పోర్టుకు వచ్చేది.

కేబుల్ ఆపరేటర్ ఇచ్చిన వైరు రూటర్ లేకుండా నేరుగా కంప్యూటర్‌లోకి వస్తోందా? అయితే వాళ్లు మీ పాత పోర్టు మ్యాక్ అడ్రసును రిజిస్టర్ చేసుకుని ఉండొచ్చు. ప్రతి కార్డుకూ ఫ్యాక్టరీలోనే ఒక నంబరు ఇస్తారు. కొత్త కార్డు నంబరు వాళ్ల లెక్కలో లేదు కాబట్టి గేటు తీయరు. ఫోన్ చేసి కొత్త నంబరు ఎక్కించమని చెప్పండి, రెండు నిమిషాల పని. మధ్యలో రూటర్ ఉన్న ఇంట్లో ఈ గొడవే ఉండదు.

కాలిపోయిన పాత పోర్టును అలాగే వదిలేయొచ్చా?

బయోస్‌లోకి (విండోస్ రాకముందు తెరుచుకునే సెట్టింగుల తెర) వెళ్లి ఆన్‌బోర్డ్ ల్యాన్ అనేదాన్ని డిజేబుల్ చేయండి. సగం చచ్చిన పోర్టు వల్ల కంప్యూటర్ ఆన్ కావడానికి ఆలస్యమవడం, ఉన్నట్టుండి ఆగిపోవడం చూశాను. దాని మీద ఒక టేపు ముక్క అంటించండి, ఇంట్లో ఇంకెవరో మళ్లీ వైరు అందులో పెట్టకుండా.

## బిగించాక వచ్చే తలనొప్పులు

గిగాబిట్ కార్డు, గిగాబిట్ రూటర్. అయినా లింక్ 100 అనే చూపిస్తోంది!

పదిలో తొమ్మిదిసార్లు వైరే. ల్యాన్ వైరులో నాలుగు జతలు, అంటే ఎనిమిది తీగలు ఉంటాయి. 100 ఎంబీపీఎస్‌కు రెండు జతలు చాలు. గిగాబిట్‌కు నాలుగూ కావాలి. 100కు అక్కర్లేని ఆ రెండు జతల్లో ఎలుక ఒక్క తీగ కొరికినా, క్రింపింగ్‌లో ఒక్క పిన్ను అందకపోయినా కార్డు మౌనంగా 100కు దిగిపోతుంది. నెట్ వస్తూనే ఉంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. ముందు కంపెనీలో చేసిన రెడీమేడ్ వైరు ఒకటి పెట్టి చూడండి. 1000 వచ్చిందంటే దొంగ దొరికినట్టే. మళ్లీ క్రింపింగ్ చేయించేటప్పుడు రెండు చివర్లా ఒకే వరుస ఉండాలి: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. కొందరు పనివాళ్లు ఒకే వైరులో రెండు జతలు నెట్‌కు, మిగతా రెండు కెమెరాకో ఫోనుకో వాడేస్తారు. అలాంటి వైరులో గిగాబిట్ ఎప్పటికీ రాదు.

లింక్ 1000 అని ఉంది, కానీ కాపీ 30, 40 ఎంబీ దగ్గరే ఆగుతోంది.

కార్డును వదిలేసి డిస్కును చూడండి. వేల చిన్న ఫోటోలు కాపీ చేస్తున్నారా, ఒకే పెద్ద వీడియోనా? చిన్న ఫైళ్లతో హార్డ్‌డిస్క్ ప్రతి ఫైలుకూ తడుముకుంటుంది, యాంటీవైరస్ ప్రతిదాన్నీ తెరిచి చూస్తుంది. ఒక పెద్ద ఫైలుతో పరీక్షించండి. ఇంకా అనుమానం ఉంటే ఐపెర్ఫ్3 అనే ఉచిత ప్రోగ్రాం రెండు కంప్యూటర్లలో నడపండి. అది డిస్కు జోలికి పోకుండా కేవలం వైరు, కార్డుల వేగం కొలుస్తుంది. అందులో 930, 940 ఎంబీపీఎస్ వస్తే మీ నెట్‌వర్క్ నిర్దోషి.

మధ్యమధ్యలో కనెక్షన్ పోయి మళ్లీ వస్తోంది.

డివైస్ మేనేజర్‌లో కార్డు ప్రాపర్టీస్ తెరవండి. పవర్ మేనేజ్‌మెంట్‌లో కరెంటు ఆదా కోసం ఈ పరికరాన్ని ఆపొచ్చు అనే టిక్ తీసేయండి. అడ్వాన్స్‌డ్‌లో ఎనర్జీ ఎఫిషియెంట్ ఈథర్నెట్, గ్రీన్ ఈథర్నెట్ అనేవి ఉంటే ఆపండి. వీటితో మిగిలే కరెంటు చిల్లరపైసలంత. అయినా తగ్గకపోతే వైరు చివరి క్లిప్పు విరిగిందేమో చూడండి. యూఎస్‌బీ అడాప్టర్ అయితే చేత్తో ముట్టుకుని చూడండి, బాగా కాలుతుంటే గాలి తగిలే చోటికి మార్చండి.

నెట్ వస్తోంది, కానీ కంప్యూటర్లు ఒకదానికొకటి కనిపించట్లేదు.

ఇది కార్డు తప్పు కానే కాదు. కొత్త కార్డు పెట్టగానే విండోస్ దాన్ని కొత్త నెట్‌వర్క్ అనుకుని పబ్లిక్ అని ముద్ర వేస్తుంది, రైల్వే స్టేషన్ వైఫైలో ఉన్నట్టు తలుపులన్నీ మూసేస్తుంది. సెట్టింగ్స్‌లో దాన్ని ప్రైవేట్ చేయండి.

జంబో ఫ్రేమ్స్ ఆన్ చేస్తే స్పీడ్ పెరుగుతుందని విన్నాను.

జంబో ఫ్రేమ్స్ అంటే డేటాను మామూలు కంటే పెద్ద ముక్కలుగా పంపడం. ఇంట్లో అనవసరం. ప్రతి కార్డులో, స్విచ్‌లో ఒకే కొలత ఉండాలి. ఒకచోట తప్పితే కొన్ని పనులు జరుగుతాయి, కొన్ని జరగవు, కారణం దొరక్క జుట్టు పీక్కోవాలి.

కార్డు పోయిందా, వైరు పోయిందా? కొత్తది కొనకముందే ఎలా తేల్చుకోవాలి?

కార్డు వెనక పోర్టు లైటు చూడండి. వైరు పెట్టినా రెండు వైపులా లైటు వెలగకపోతే ముందు వైరు మార్చండి. తర్వాత రూటర్‌లో పోర్టు మార్చండి. ఆ తర్వాత అదే వైరును పక్కింటివాళ్ల లాప్‌టాప్‌కైనా పెట్టి చూడండి. అక్కడ వెలిగి ఇక్కడ వెలగకపోతే కార్డు పోయినట్టే. డివైస్ మేనేజర్‌లో కార్డు పేరే కనిపించకపోతే మూత తీసి, కార్డు లాగి, పళ్లను మెత్తటి రబ్బరుతో తుడిచి మళ్లీ గట్టిగా నొక్కండి. మా పిల్లల పెన్సిల్ రబ్బరుతో బతికిన కార్డులు ఇప్పటికి మూడో నాలుగో ఉన్నాయి.